పీస్ కమిటీని బస్తీ ఎప్పుడు నమ్ముతుంది, ఎందుకు దూరం పెడుతుంది

హైదరాబాద్ పాతబస్తీలో ఎవరినైనా ఆపి, మీ స్టేషన్ పరిధిలో పీస్ కమిటీ (హిందూ, ముస్లిం పెద్దలతో పోలీసులు ఏర్పాటు చేసే శాంతి సంఘం) సభ్యులెవరని అడిగితే చాలామంది ఒక్క పేరు కూడా చెప్పలేరు. అర్ధరాత్రి గల్లీలో గొడవైతే ముందు ఎవరి తలుపు తడతారని అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతారు. పాల బూత్ ఆయన, మసీదు కమిటీలో లెక్కలు చూసే పెద్దాయన, కిరాణా కొట్టు సేటు, అంగన్‌వాడీ టీచరమ్మ, ఇలా ఎవరో ఒకరి పేరు వస్తుంది. స్టేషన్ రిజిస్టర్‌లో ఉన్న పేర్లూ జనం నోట వచ్చే పేర్లూ ఎంతవరకు కలుస్తున్నాయో చూస్తే చాలు, ఆ ఏరియాలో కమిటీ పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది. కలిసిన చోట కమిటీ పండగ లేని రోజుల్లో కూడా బతికే ఉంటుంది. కలవని చోట అది ఇన్‌స్పెక్టర్ గది ముందు టీ తాగి, గ్రూప్ ఫొటో దిగి లేచిపోయే మీటింగే.

అమన్ కమిటీ అనండి, శాంతి సంఘం అనండి, మైత్రీ సంఘం అనండి, ఈ ఏర్పాటు వెనక హైదరాబాద్‌కు చేదు అనుభవం చాలా ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని రగిలించాయి. అప్పటి ఆగ్రహం సూటిగా పోలీసుల మీదే. ఆ తర్వాత 1980లలో మతకల్లోలాలు, కర్ఫ్యూలు పాతబస్తీకి మామూలైపోయాయి. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో కత్తిపోట్ల కంటే వేగంగా తిరిగినవి పుకార్లు. ఫలానా గల్లీలో అందరినీ నరికేశారట, ఫలానా ఆసుపత్రిలో మనవాళ్లను చూడట్లేదట అన్న మాటలు పది నిమిషాల్లో చార్మినార్ దాటి వెళ్లేవి. కర్ఫ్యూలో బయటికెళ్లి నిజమేంటో చూసొచ్చేవాడు లేడు. ఉన్నా, రెండో వర్గం అతని మాట నమ్మదు. పోలీసు చెప్పినా ఎవరూ నమ్మరు. శాంతి కమిటీ అవసరం పుట్టింది సరిగ్గా ఈ ఖాళీలోంచే. దొంగను పట్టుకోవడానికో లాఠీ పట్టడానికో ఎవరూ దాన్ని కోరుకోలేదు. రెండు వైపులా నమ్మే నోరు ఒకటి కావాలని కోరుకున్నారు.

ఈ సంగతి మరచిపోయిన చోటల్లా కమిటీలు దెబ్బతిన్నాయి.

పండగల క్యాలెండర్

పాతబస్తీ శాంతి కమిటీకి ఏడాది పని పండగల పట్టికతోనే మొదలవుతుంది. శ్రీరామనవమికి సీతారాంబాగ్ నుంచి శోభాయాత్ర, హనుమాన్ జయంతికి గౌలిగూడ నుంచి తాడ్‌బండ్ దాకా ర్యాలీ, ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు, మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వరకు ఏనుగు మీద బీబీకా ఆలం, బాలాపూర్ నుంచి చార్మినార్, మొజంజాహి మార్కెట్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు గణేశ్ నిమజ్జన యాత్ర, ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఊరేగింపు (జులూస్), బక్రీద్. చాంద్రమాన లెక్కల వల్ల ముస్లిం పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి కాబట్టి కొన్నేళ్లకొకసారి రెండు పెద్ద ఊరేగింపులు ఒకే రోజున పడతాయి. 2023 సెప్టెంబరు 28న నిమజ్జనం, మిలాదున్నబీ ఒకటే రోజు వచ్చాయి. ముస్లిం సంస్థలు మాట్లాడుకుని జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నాయి. అలాంటి నిర్ణయం పైన పెద్దలు తీసుకుంటారు గానీ, దాన్ని ప్రతి మొహల్లాలో కుర్రాళ్లకు నచ్చజెప్పేది కమిటీ మనుషులే. 'మనమే ఎందుకు వెనక్కి తగ్గాలి' అన్న ప్రశ్నకు ఇంటి ముందు చబుత్రా (అరుగు) మీద కూర్చుని జవాబు చెప్పాల్సింది వాళ్లే.

మీటింగ్‌లో మతసామరస్యం గురించి ఉపన్యాసాలు ఎక్కువైతే ఆ ఏడాది పని తక్కువ జరిగిందని అర్థం. పనికొచ్చే మీటింగ్‌లో మాటలు వేరుగా ఉంటాయి. ఏ మలుపులో కరెంటు తీగ కిందికి వేలాడుతోంది, విగ్రహం ఎత్తు ఎంత, ఎక్కడ చెట్టుకొమ్మ కొట్టాలి, ఏ సందులో డ్రైనేజీ మూత పగిలింది, ఏ మండపం మైకు మసీదు వైపు తిరిగి ఉంది, బక్రీద్‌కు జీహెచ్ఎంసీ వ్యర్థాల బండి ఎన్ని గంటలకు వస్తుంది. చూడ్డానికి మున్సిపల్ ఫిర్యాదుల్లా ఉంటాయి. గొడవలు మొదలయ్యేది మాత్రం వీటి దగ్గరే.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రార్థనా స్థలం ముందు విగ్రహాల లారీ ఆగిపోతుంది. టైరు పంక్చరో, క్లచ్ ప్లేటు కాలిపోవడమో, వైరు అడ్డం రావడమో కారణం. వెనక ముప్పై బండ్లు నిలిచిపోతాయి. ముందున్న బ్యాండు వాళ్లు ఆగిన చోటే వాయించడం మొదలుపెడతారు. లోపల నమాజుకు వచ్చినవాళ్లకు ఇది కావాలని చేసినట్టే కనిపిస్తుంది. కారణం తెలిసేలోపే ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పంపేస్తారు. అందుకే అనుభవమున్న కమిటీలు ఆ వంద గజాల దూరాన్ని ముందే గుర్తుపెట్టుకుని దగ్గర్లో ఒక ట్రాక్టరునో చిన్న క్రేన్‌నో సిద్ధంగా ఉంచమని అడుగుతాయి. లారీ ఆగితే బాగుచేసే ప్రయత్నం అక్కడ చేయరు. ముందు లాగి అవతల పెడతారు, మరమ్మతు తర్వాత.

అలాంటి చోట వలంటీర్లు చేయి చేయి పట్టుకుని గోడ కడతారు. ముప్పై మీటర్ల ముఖద్వారానికి ఒక వరసలో ఇరవై మంది కావాలి, మనిషికి మీటరున్నర చొప్పున. నిమజ్జనం గంటల తరబడి సాగుతుంది కాబట్టి మార్చుకోవడానికి మరో ఇరవై మంది లేకపోతే సాయంత్రానికి గొలుసు తెగుతుంది. చాలా కమిటీలు తప్పు చేసేది ఇక్కడే. ఉదయం ఉత్సాహంగా నలభై మందీ ఒకేసారి నిలబడతారు. అసలు రద్దీ వచ్చే రాత్రి తొమ్మిదింటికి పన్నెండు మంది మిగులుతారు. ఇంకో సంగతి, మసీదు ముందు నిలబడే వరసలో హిందూ కుర్రాళ్లు, గుడి ముందు వరసలో ముస్లిం కుర్రాళ్లు కొందరైనా ఉండాలి. ఊరేగింపులో వచ్చేవాడు తనకు తెలిసిన ముఖాన్ని చూస్తే రాయి ఎత్తడానికి జంకుతాడు.

డీజేల విషయంలో బస్తీ జనం అభిప్రాయం నాయకుల అభిప్రాయం కంటే చాలా ముందుంది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45. సౌండు బాక్సులు పేర్చిన లారీ దగ్గర ఈ అంకెలకు అర్థమే లేదు. గుండె జబ్బు మనిషి, బాలింత, పరీక్షలున్న పిల్లలు ఏ మతంలోనైనా ఉంటారు. ఏళ్ల తరబడి ఇళ్లలో గొణుక్కున్న ఈ బాధ రెండు వర్గాలదీ కాబట్టే, హైదరాబాద్ పోలీసులు 2024లో వివిధ మతాల ప్రతినిధులతో, పార్టీలతో మాట్లాడి మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు గట్టి వ్యతిరేకత రాలేదు. అమలు ఎంత అన్నది వేరే కథ.

పుకారును చంపే పద్ధతి

కమిటీ విలువ జనానికి నిజంగా అర్థమయ్యేది పుకారు లేచిన రాత్రి. ఆ రాత్రి అందరూ చేసే పొరపాటు ఒకటుంది. 'ఏమీ జరగలేదు, అంతా ప్రశాంతం, పుకార్లు నమ్మకండి' అని వాట్సాప్‌లో పెడతారు. ఏమీ జరగకపోతే ఈయనెందుకు చెబుతున్నాడన్న అనుమానం వెంటనే మొదలవుతుంది. పైగా ఏదో ఒకటి జరిగే ఉంటుంది. దెబ్బలు తగిలిన మనిషిని కళ్లారా చూసినవాళ్లు నలుగురైనా ఉంటారు. వాళ్ల దృష్టిలో కమిటీ అబద్ధం చెప్పినట్టే.

పనిచేసే పద్ధతి మరోలా ఉంటుంది. రెండు వర్గాల నుంచి ఒక్కొక్కరు, ఇద్దరూ కలిసి ఆ చోటికి వెళతారు. విడివిడిగా వెళితే రెండు కథలు తిరిగొస్తాయి. చూసింది మాత్రమే చెబుతారు, అక్కడే నిలబడి, తమ గొంతుతో, టైము చెప్పి, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి: 'రాత్రి తొమ్మిది నలభై అయింది. మేమిద్దరం ఇప్పుడు చౌరస్తా దగ్గరే నిలబడి మాట్లాడుతున్నాం. బండికి బండి తగిలి ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకున్నారు. ఒకతనికి తల పగిలింది, ఉస్మానియాకు తీసుకెళ్లారు, మాట్లాడుతున్నాడు. పోలీసులొచ్చారు. షాపులు తెరిచే ఉన్నాయి.' దెబ్బ తగిలిందన్న నిజాన్ని ఒప్పుకున్నారు కాబట్టి, ఇది మతం గొడవ కాదన్న మాటను కూడా జనం నమ్ముతారు. అరగంట తర్వాత ఆసుపత్రి నుంచి రెండో మెసేజ్ వస్తే ఆ రాత్రికి పని అయిపోయినట్టే. మొదటి మెసేజ్ పుకారు పుట్టిన అరగంటలోపు రాకపోతే పెద్దగా లాభం ఉండదు. అప్పటికే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని, షట్టర్లు సగం దించేసి ఉంటారు. దించిన షట్టరే కొత్త పుకారు.

ఈ పని ఎంత ముఖ్యమో 2018 మే నెల చూపించింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లో పాకాయి. చాంద్రాయణగుట్ట దగ్గర భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కళాకారులతో పాటలు కట్టించి, నకిలీ వీడియోలను జనం ముందే విప్పి చూపించారు. ఊళ్లో పుకారు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ముందే తెలిసి ఉండటం అక్కడి తేడా.

ఆ పుకార్లలో 'పార్థీ గ్యాంగ్' అన్న పేరు బాగా నలిగింది. ఒక కులం పేరునే నేరం పేరుగా వాడే ఈ అలవాటు తెలుగువాళ్లకు కొత్తది కాదు. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసిన బ్రిటిష్ వాళ్ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయి ఇన్నేళ్లయినా, ఆ ముద్ర పడిన ఎరుకల ఊరు స్టువర్టుపురం పేరు చెబితే కొందరి చూపు ఇప్పటికీ మారుతుంది. కాలనీ కాపలా బృందాలు 'అనుమానాస్పద వ్యక్తి' అన్నప్పుడు ఆ వ్యక్తి ఎవరన్నది చాలాసార్లు ముందే నిర్ణయమై ఉంటుంది. చిత్తుకాగితాలు ఏరేవాడు, సంచారజాతి మనిషి, భాష రాని వలస కూలీ, రాత్రి షిఫ్టు దిగిన బ్యాచిలర్ కుర్రాడు.

కాలనీ గస్తీ

శివారు కాలనీల్లో స్వచ్ఛంద రక్షణ రూపం వేరు. అక్కడి భయం కల్లోలం కాదు, దొంగతనం. చెడ్డీ గ్యాంగ్ సీసీ కెమెరా క్లిప్ ఒకటి బయటికొస్తే చాలు (2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల ఇదే జరిగింది), వారంలోపు కాలనీ కుర్రాళ్లు కర్రలు పట్టుకుని గస్తీ మొదలుపెడతారు. మూడో వారానికి నలుగురే మిగులుతారు. నెల తిరిగేసరికి నెలకింతని వసూలు చేసి మళ్లీ గూర్ఖానే పెట్టుకుంటారు.

ఇలా చల్లారడానికి కారణం బద్ధకం కంటే లెక్క సరిగా వేసుకోకపోవడం. అరవై ఇళ్ల కాలనీలో ఇంటికొకరు వచ్చినా, రాత్రికి ఎనిమిది మందిని పెడితే ప్రతి మనిషికీ వారానికొకసారి వంతు వస్తుంది. ఉద్యోగం చేసేవాడు రెండు నెలలు కూడా అది మోయలేడు. రాత్రికి నలుగురు, ఇద్దరు చొప్పున రెండు జతలుగా, పదకొండున్నర నుంచి రెండు దాకా ఒక జత, రెండు నుంచి నాలుగున్నర దాకా ఇంకో జత అనుకుంటే వంతు పదిహేను రోజులకొకసారి పడుతుంది. అది మోయగలిగిన బరువు. కావాల్సినవి మెరిసే జాకెట్లు, టార్చి, విజిల్, ఒక నోట్‌బుక్. కర్ర వద్దు. చేతిలో కర్ర ఉంటే మొదటి భయంలోనే అది లేస్తుంది. ఆ రాత్రి గస్తీలో ఎవరున్నారో పేర్లు, ఫోన్ నంబర్లు సాయంత్రమే సెక్టార్ ఎస్సైకి పంపాలి. లేదంటే బైకుల మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ పోలీసులు ముందు ఆపేది గస్తీ వాళ్లనే.

నోట్‌బుక్‌లో రాయాల్సింది అనుమానాలు కాదు. టైము, బండి నంబరు, ఎటు వెళ్లింది, వెలగని వీధిదీపం స్తంభం నంబరు, తాళం వేసిన ఇంటి గేటు తెరిచి ఉందా. ఆపి ఆధార్ అడగడం, సంచి వెతకడం, ఫోన్ లాక్కుని ఫొటోలు చూడటం, ఇవేవీ గస్తీ మనిషికి చట్టం ఇచ్చిన అధికారాలు కావు. సాధారణ పౌరుడు ఒకరిని పట్టుకోవడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ అనుమతి ఇస్తుంది గానీ, అది తన కళ్లముందు నాన్ బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం జరిగితేనే, లేదా ఆ మనిషి ప్రకటిత నేరస్థుడైతేనే. పట్టుకున్నాక ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. 'అనుమానంగా తిరుగుతున్నాడు' అన్నది ఈ రెండింట్లో దేనికిందకూ రాదు. కమ్యూనిటీ హాల్లో తెల్లారేదాకా కూర్చోబెడితే అక్రమ నిర్బంధం కేసు కాలనీ వాళ్ల మీదే పడుతుంది. అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణంతో ఒకరిని చంపితే భారతీయ న్యాయ సంహిత 103(2) ప్రకారం గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్షో యావజ్జీవమో పడొచ్చు. దెబ్బ ఎవరు కొట్టారన్న లెక్క గుంపుకు రక్ష కాదు.

ఇల్లున్నవాళ్లకు గస్తీ ధైర్యం. అద్దెకుండేవాళ్లకు అది తనిఖీ. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని రెండింటికి వచ్చే నర్సుకు జాకెట్లు వేసుకున్న ఇద్దరు తెలిసిన మనుషులు వీధి చివర కనబడితే మంచిదే. వాళ్లే రోజూ 'ఇంత ఆలస్యమైందేంటమ్మా' అని అడగడం మొదలుపెడితే ఆమె దారి మార్చుకుంటుంది. గస్తీ మీద ఆడవాళ్లు చెప్పే ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువగా వినిపిస్తుంది, కాలనీ మీటింగ్ మినిట్స్‌లో మాత్రం కనిపించదు.

సీసీ కెమెరాల సంగతి టూకీగా. 'నేను సైతం' పిలుపుతో తెలంగాణలో కాలనీలు చందాలేసుకుని చాలా కెమెరాలు పెట్టుకున్నాయి. ప్రారంభోత్సవం రోజున అన్నీ వెలుగుతాయి. నాలుగు కెమెరాలు, ఒక్కొక్కటి 2 ఎంబీపీఎస్ చొప్పున రికార్డు చేస్తే రోజుకు 86 జీబీ నిండుతుంది. అంటే 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో పదకొండు పన్నెండు రోజుల దృశ్యాలే ఉంటాయి. ఊరెళ్లి పదిహేను రోజులకు తిరిగొచ్చి తాళం పగిలిందని చూసుకున్నవాళ్లకు ఏమీ దొరకదు. నెల రోజులు ఉండాలంటే 3 టీబీ అయినా కావాలి. దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె గడియారం పదిహేను నిమిషాలు తప్పు నడుస్తుంటే కోర్టులో ఆ తేడాకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ పరికరాన్ని చూసుకునే మనిషిగా కాలనీ కోశాధికారి సంతకం పెడితే సమన్లు ఆయనకే వస్తాయి. కెమెరాలకు చందా ఇచ్చేవాళ్లు దొరికినంత సులువుగా ఆ సంతకానికి మనిషి దొరకడు.

స్టేషన్ మెట్లు

మనవాళ్లకు స్టేషన్ మెట్లెక్కడమంటే ఇప్పటికీ పరువు తక్కువ, పైగా భయం. కమిటీ మనిషికి గిరాకీ వచ్చింది ఈ భయం వల్లే. అతను తోడుంటే కంప్లైంట్ తీసుకుంటారని, కుర్చీలో కూర్చోమంటారని నమ్మకం. ఈ తోడు నిజంగా విలువైన సేవ. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చని తెలిసిన మనిషి పక్కనుంటే పని సగం అయినట్టే.

అదే మనిషి కొన్నాళ్లకు స్టేషన్ గుమ్మంలో కాపరిగా మారే ప్రమాదమూ ఉంది. అతనికి చెప్పకుండా ఎవరూ స్టేషన్‌కు పోకూడదన్నట్టు, పోయినా పని కాదన్నట్టు వ్యవహారం తయారవుతుంది. గోడ తగాదా, పార్కింగ్ గొడవ, అప్పు పంచాయితీ పెద్దమనుషుల సమక్షంలో తేలిపోతే ఎవరికీ నష్టం లేదు. భార్యను కొట్టిన కేసు, పిల్లల మీద లైంగిక దాడి, కులం పేరుతో జరిగిన అవమానం రాజీకి తెస్తేనే సమస్య. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. కప్పిపుచ్చిన పెద్దమనిషి కూడా శిక్షార్హుడే. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద నేరాలకు రాజీ లేదు. గృహహింస విషయంలో కమిటీ చేయగలిగిందల్లా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ కలిపి, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపడం, ఆ రాత్రికి ఆమె ఎక్కడుంటుందో చూడటం. 'సర్దుకుపొమ్మన్నారు' అని బస్తీ ఆడవాళ్లు ఒకసారి అనుకున్నాక ఆ కమిటీ దగ్గరికి మళ్లీ రారు. సగం బస్తీ రాని కమిటీకి గొడవ రాత్రి సగం సమాచారమే అందుతుంది.

పోలీసుకు మరీ దగ్గరైన వలంటీరు ఏమవుతాడో తమిళనాడు చూసింది. రామనాథపురంలో 1993లో మొదలైన 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' చాలా ఏళ్లు మంచి పేరు తెచ్చుకుంది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీ హింసకు బలైనప్పుడు వలంటీర్ల మీదా ఆరోపణలు వచ్చాయి. ఆ సంస్థ కాదన్నా, జులైలో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇక ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి పౌరుల చేతికి తుపాకీ దాకా ఇచ్చిన సల్వాజుడుం అనుభవం తెలుగు నేలకు మరీ దగ్గరిది. దంతెవాడ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల గూడేలు గోదావరి ఇవతల అడవుల్లో నేటికీ ఉన్నాయి. నెలకు 3 వేల రూపాయల గౌరవ వేతనంతో గిరిజన కుర్రాళ్లను స్పెషల్ పోలీసులుగా పెట్టి పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. కాలనీ గస్తీకీ దానికీ పోలిక లేదని కొట్టిపారేయొచ్చు. అధికారం ఇచ్చి జవాబుదారీతనం ఇవ్వకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మహారాష్ట్రలోని భివండీలో దీనికి తలకిందులుగా చేశారు. 1970లో, 1984లో తగలబడిన ఆ మరమగ్గాల పట్టణంలో 1988 నుంచి డీసీపీ సురేశ్ ఖోప్డే సుమారు 70 మొహల్లా కమిటీలు కట్టారు. రెండు వర్గాలూ సమానం. పేరున్న నాయకులకంటే వీధిలో మామూలు మనుషులకు, ఇన్‌స్పెక్టర్ కంటే బీట్ కానిస్టేబుల్‌కు ఎక్కువ చోటు. గొడవ లేనప్పుడే తరచూ కూర్చోవడం అసలు కిటుకు. 1992-93లో పక్కనున్న బొంబాయి మండుతుంటే భివండీ నిలబడింది. హైదరాబాద్‌ను లక్నోతో పోల్చి చూసిన రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నీ కూడా, ఉద్రిక్తత వచ్చాక అధికారులు పైనుంచి పెట్టే కమిటీలకంటే రోజువారీ వ్యాపారంలో, సంఘాల్లో రెండు వర్గాలూ కలిసి ఉన్న చోటే శాంతి గట్టిదని తేల్చారు.

మన దగ్గర పోలీసు కార్యక్రమాల మీద బస్తీ అభిప్రాయం ఎప్పుడూ రెండుగా చీలి ఉంటుంది. తెల్లవారుజామున వందమంది పోలీసులు బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ చేసే కార్డన్ సెర్చ్‌ను తర్వాత కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రామ్ అన్నారు. కాగితాల్లేని బండ్లు పట్టుబడితే సంతోషించినవాళ్లున్నారు. తమ గల్లీలోనే ఎందుకు, జూబ్లీహిల్స్‌లో ఎందుకు చేయరని అడిగినవాళ్లూ ఉన్నారు. అర్ధరాత్రి చబుత్రాల మీద కూర్చున్న కుర్రాళ్లను తీసుకెళ్లి తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్ చేసిన ఆపరేషన్ చబుత్రా విషయంలోనూ అంతే. తల్లులు చాలామంది మెచ్చుకున్నారు, కుర్రాళ్లకు మాత్రం అవమానం మిగిలింది. ఇలాంటి రోజున కమిటీ సభ్యులు పోలీసుల వెనక నడుస్తూ ఫొటోల్లో కనబడితే, మరుసటి నెల పుకారు రాత్రి వాళ్ల వాయిస్ మెసేజ్ ఎవరూ వినరు. సభ్యులను ఆ ఉదయం పిలవకపోవడమే స్టేషన్‌కూ మేలు.

గుర్తింపు కార్డు మీద ఎడతెగని వాదన ఉంది. కార్డు లేకపోతే నిమజ్జనం రోజున బ్యారికేడ్ దాటనివ్వరన్నది నిజమే. ఏడాది పొడవునా మెడలో తిరిగే కార్డు మాత్రం టోల్‌గేట్ దగ్గరా ఆర్టీవో ఆఫీసులోనూ పనికొచ్చే పైరవీ చీటీ అవుతుంది. ఆ పండగ తేదీ వేసి, సాయంత్రానికి వెనక్కి తీసుకునే పాస్ ఇస్తే రెండు బాధలూ ఉండవు.

ఇక మీటింగ్ టైము. పగలు పదకొండింటికి స్టేషన్‌లో పెడితే వచ్చేది రిటైరైనవాళ్లు, రాజకీయ కార్యకర్తలు, కోర్టు పక్షులు. ఆటో నడిపేవాడు, లాడ్ బజార్‌లో గాజులకు రాళ్లు అతికే ఆడమనిషి, వాట్సాప్ గ్రూపులు నడిపే ఇరవై ఏళ్ల కుర్రాడు రారు. అదే మీటింగ్ రాత్రి ఎనిమిదింటికి అంగన్‌వాడీలోనో స్కూల్లోనో పెట్టి, ఎస్సై మఫ్టీలో వచ్చి అందరితో పాటు చాప మీద కూర్చుంటే మొదటి అరగంట చెత్త బండి గురించీ వీధిదీపాల గురించీ తిట్లే వినబడతాయి. వాటిలో రెండైనా నెలలోపు తీరితే వచ్చే మీటింగ్‌కు ఆడవాళ్లు వస్తారు. పక్క గల్లీలో ఎవడు ఏం వాగుతున్నాడో, ఏ గ్రూపులో ఏ వీడియో తిరుగుతోందో అప్పుడు గానీ బయటికి రాదు.